రిహాబ్ వాళ్ళమ్మ

మా సందులో నా పేరు ఎవరికీ తెలియదు. కూరగాయల బండివాడికి తెలియదు, రొట్టెల కొట్టు ముందు రోజూ నాతో తగాదా పడే ఆడవాళ్ళకీ తెలియదు. అందరికీ నేను రిహాబ్ వాళ్ళమ్మని. ఈజిప్టులోని మా దుమ్యాత్ ఊళ్ళో పరువున్న మగాడెవడూ నలుగురిలో పెళ్ళాం పేరు పలకడు. మా ఆయన హిల్మీ ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. గడప దాటితే "రిహాబ్ వాళ్ళమ్మా" అంటాడు. ఇంట్లోకొచ్చి తలుపు గడియ పెట్టాడంటే చాలు, చెప్పులింకా విడవకముందే "ఇన్సాఫ్! ఏమే ఇన్సాఫ్!" అని సాగదీసి పిలుస్తాడు. మా అమ్మా నాన్నా పోయాక ఆ పేరుతో నన్ను పిలవడానికి ఆయనొక్కడే మిగిలాడు.

హిల్మీ కుర్చీల వీపుల మీద, మంచాల తలాపుల మీద పువ్వులూ తీగలూ చెక్కుతాడు. చెయ్యి తిరిగిన పనివాడు కాబట్టి ఊరంతా ఆయన్ని ఉస్తా హిల్మీ అంటుంది. ఇంటి కిందే పనిశాల. పైనుంచి నేను వంట చేస్తూ, కింద ఉలి చప్పుడు వింటూ ఇన్నేళ్ళు గడిపాను. అలాంటి మనిషికి మాటలు చేజారిపోతున్నాయని ముందుగా కనిపెట్టింది నేను కాదు. నాకంత తీరిక ఎక్కడిది? ఆయన మీద కోప్పడటానికే నాకు పొద్దు చాలేది కాదు.

"అది ఇటివ్వవే," అనేవాడు.

"ఏది?"

"అదేనే. అది. దాని పక్కనుంటుంది చూడు, అది."

"ఏవయ్యా, అదికి పేరు లేదా? అమ్మా అయ్యా లేరా దానికి?" అని నేను కసిరేదాన్ని. మా ఊళ్ళో సగం మాటలు అదీ ఇదీ అంటూనే నడుస్తాయి కాబట్టి ఇది బద్ధకం అనుకున్నాను. ఒకరోజు కిందినుంచి "చెంచా తీసుకురా" అని కేకేశాడు. ఏ రంగు కలుపుకోవడానికో అనుకుని, పొయ్యి మీద బెండకాయ కూర వదిలేసి, మోకాళ్ళ నొప్పితో మెట్లన్నీ దిగి చెంచా తీసుకెళ్ళాను. దాన్ని చూసి నా మీదే ఎగిరాడు.

"ఉలి అడిగితే చెంచా తెస్తావేంటే? మతి పోయిందా?"

"నువ్వు చెంచా అన్నావు!"

"నేనా? నేనెందుకంటాను చెంచా అని?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్న మాట అనలేదని ఎదుటివాళ్ళ మొహం మీదే బుకాయించే మనిషి కాదు హిల్మీ. కొత్తగా ఈ బుద్ధి ఎక్కడినుంచి పట్టుకొచ్చాడా అని చెంచా బల్ల మీద విసిరికొట్టి పైకొచ్చేశాను. కూర మాడిపోయింది కూడా.

మా రిహాబ్‌కి సంబంధం వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. లేకలేక పుట్టిన ఒక్కగానొక్క పిల్ల. బళ్ళో చిన్న పిల్లలకి పాఠాలు చెబుతుంది. అబ్బాయి పేరు నాదిర్. నెమ్మదస్తుడు. మా పిల్లంటే ప్రాణం. ఒకే ఒక్క లోపం ఏమిటంటే వాడిది కుర్చీలూ మంచాలూ అమ్మే పెద్ద కొట్టు, అందులో సరుకంతా మెషిన్ మీద కోసింది. ఆ మెషిన్లొచ్చాకే మా సందులో ఉలి పట్టేవాళ్ళు ఒక్కొక్కరే పని మానేశారు. "పువ్వుని అచ్చు గుద్దేవాడికి నా కూతుర్నివ్వాలా?" అని హిల్మీ మొదట గునిశాడు. తర్వాత పిల్ల మొహం చూసి మెత్తబడ్డాడు. మెత్తబడ్డాడనే నేను అనుకున్నాను.

వాళ్ళు ఫాతిహా చదివి మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజు నేను హాల్లో నాదిర్ తల్లి హజ్జా సనియ్యా పక్కన కూర్చున్నాను. రిహాబ్ వంటింట్లో కాఫీ గిన్నెలు సర్దుకుంటోంది. మర్యాదగా హిల్మీయే అందరినీ ఎవరికెలా కావాలో అడిగాడు. అందరూ మజ్బూత్ అన్నారు. అంటే చక్కెర సరిగ్గా పడ్డ కాఫీ. హిల్మీ వంటింటి వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"అందరికీ సాదా!"

సాదా అంటే చుక్క చక్కెర వెయ్యని చేదు కాఫీ. చావింట్లో పరామర్శకొచ్చిన వాళ్ళకిచ్చేది. నేను లేచేలోపే మా పిచ్చితల్లి, కంగారులో, నాన్న చెప్పాడు కదా అని సాదాయే కలిపి పట్టుకొచ్చేసింది. హజ్జా సనియ్యా ఒక గుటక వేసి కప్పు కింద పెట్టింది.

"ఎవరు పోయారమ్మా మీ ఇంట్లో?" అంది. "మేం పిల్లనడగడానికొచ్చాం. ఏడవడానిక్కాదు."

నాదిర్ నవ్వేసి, "అమ్మా, నాకు డాక్టర్ చక్కెర తగ్గించమన్నాడు. మావయ్యకెలా తెలిసిందో మరి," అని తన కప్పు మొత్తం తాగేశాడు. ఆ చేదంతా ఒక్క గుక్కలో దించుకున్న ఆ క్షణాన్నే వాడు నాకు అల్లుడైపోయాడు. మళ్ళీ కాఫీ వచ్చింది, ఫాతిహా చదివారు, మషబ్బక్ మిఠాయి పళ్ళెం ఖాళీ అయింది. వాళ్ళు మెట్లు దిగిన చప్పుడు ఆగీ ఆగకముందే నేను హిల్మీ మీద పడ్డాను.

"సంబంధం ఇష్టం లేకపోతే మొహాన చెప్పు! సాదా అని కేకేసి నా పరువు తీస్తావా?"

"మజ్బూత్ అన్నాను."

"సాదా అన్నావు! హాలు హాలంతా విన్నది!"

"మజ్బూత్ అన్నానే ఇన్సాఫ్. దేవుడి మీద ఒట్టు." వేలితో తన నుదురు చూపించుకున్నాడు. "అనే అన్నాను. లోపల అదే ఉంది."

లోపల అదే ఉందట! నేను ఇంకో నాలుగు అంటించబోతుంటే రిహాబ్ నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"అమ్మా, నాన్న అబద్ధం చెప్పట్లేదే. చాలా రోజులుగా చూస్తున్నా. తాళంచెవిని దువ్వెన అంటున్నాడు. నన్ను నబీలా అంటున్నాడు."

నబీలా హిల్మీ చెల్లెలు. మా పెళ్ళికి ముందే పోయింది.

"ముసలాడవుతున్నాడు, అంతే," అన్నాను.

"మాటకి ముందు నువ్వు అందించేస్తావు కదా. అందుకే నీకు కనబడట్లేదు."

నిజమే, అందిస్తాను. ఆయన "ఆ... అదీ..." అంటే "చీజ్", "చొక్కా", "అబ్దుల్ గనీ వాళ్ళ గాడిద" అని నా నోటికొచ్చేస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ మాత్రం తెలియదా? అంతమాత్రాన తల్లిని పట్టుకుని కనబడట్లేదంటుందా? ఆ కోపంలో నేను వారం రోజులు ఏ మాటా అందించకుండా నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ వారం హిల్మీ అన్నం దగ్గర ఉప్పు అడగలేక చప్పిడిగా తిన్నాడు. ఆ పైన నాకు భయం పట్టుకుంది.

మన్సూరాలో పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన బొమ్మలు చూపించాడు. చేతి గడియారం బొమ్మ చూసి హిల్మీ, "చేతికుంటుంది. రంజాన్‌లో సాయంత్రం అందరం దాని వంకే చూస్తాం," అన్నాడు. బాతు బొమ్మ చూసి, "ఇది మా ఆవిడ బాగా చేస్తుంది," అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు. నేను "గడి..." అనగానే డాక్టర్ నా వంక గుడ్లురిమి చూశాడు. చిన్న మాటలు చెప్పి తిరిగి అనమంటే అన్నాడు. పొడుగు వాక్యం చెప్పి అనమంటే సగంలో తప్పిపోయాడు. చివరికి డాక్టర్ నన్ను చూపించి, "ఈవిడ పేరేంటి ఉస్తా?" అని అడిగాడు.

"రిహాబ్ వాళ్ళమ్మ," అన్నాడు హిల్మీ.

"అది సరే. అసలు పేరు?"

హిల్మీ తలొంచుకుని సిగ్గుగా నవ్వాడు. "రిహాబ్ వాళ్ళమ్మండీ."

డాక్టరూ నవ్వేశాడు. పరాయి మగాడి ముందు, అదీ ఇంత కష్టంలో కూడా, నా పేరు బయటపెట్టలేదు కదా అని నాకు ఒకపక్క గర్వంగానే అనిపించింది.

డాక్టర్ నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పాడు. మెదడులో మాటలుండే చోట జబ్బు మొదలైందట. మతిమరుపు జబ్బే, కొందరికి ఇలా మాటలతో మొదలవుతుందట. చేతులు, తెలివి, మనుషుల్ని గుర్తుపట్టడం ఇప్పటికి బాగానే ఉన్నాయట.

"ఎప్పటికి తగ్గుతుంది?"

"తగ్గదమ్మా. నెమ్మదిగా పెరుగుతుంది."

"మరి మీరెందుకు ఇక్కడ?" అని అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. పొడుగు వాక్యాలు వద్దు, కసరొద్దు, తొందరపెట్టొద్దు అన్నాడు. కసరొద్దట! నన్ను ఊపిరి పీల్చొద్దని చెప్పినట్టే ఉంది.

నిఖా రోజు దగ్గరపడుతోంది. ఇక్కడే వచ్చిపడింది అసలు చిక్కు. నిఖాలో పిల్ల తండ్రీ, పెళ్ళికొడుకూ కుడిచేతులు కలుపుతారు. పైన తెల్లటి చేతిరుమాలు కప్పుతారు. నిఖా చేయించే మాజూన్ ముక్కముక్కగా చెబితే తండ్రి వెనకాలే అనాలి. నా కూతుర్ని, నా చేతిలో ఉన్న పిల్లని, అల్లా గ్రంథం ప్రకారం, ప్రవక్త చూపిన దారి ప్రకారం, నీకిస్తున్నాను అని. వందమంది వింటుండగా, మైకులో.

హిల్మీ అన్న ఫత్తూహ్‌కి విషయం తెలిసింది. ఆ పెద్దమనిషికి మైకు కనిపిస్తే ఆగలేడు. నిక్షేపంగా కుర్చీలో వెనక్కివాలి, "ఇందులో ఏముంది? పెదనాన్నని నేనుండగా! నా చెయ్యి పెడతాను, గడగడా అనేస్తాను. వీడు పక్కన కూర్చుని నవ్వుతుంటే చాలు," అన్నాడు, అదీ హిల్మీ ఎదురుగా, హిల్మీకి చెవుడన్నట్టు.

హిల్మీ మొహం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. "నేను," అన్నాడు. "నా చెయ్యి. నా పిల్ల." తర్వాత మాట కోసం గాలిలో వెతుక్కున్నాడు. దొరకలేదు. గుండె మీద దబదబా కొట్టుకున్నాడు.

"నాన్న చెయ్యైతేనే నిఖా," అంది రిహాబ్. "లేదంటే నాకొద్దు. పెదనాన్నా, నువ్వు భోజనాల సంగతి చూసుకో చాలు." మా రిహాబ్ నా పోలికే, ఒకసారి అందంటే అందే.

అప్పటినుంచి నాకు వేరే ఆలోచన లేదు. నా మొగుడు తన కూతుర్ని తన నోటితో అప్పగించాలి. పదిమందిలో నవ్వులపాలు కాకూడదు. హజ్జా సనియ్యాకి తెలియకూడదు. తెలిస్తే ఈ జబ్బు పిల్లకీ వస్తుందేమోనని వెనకడుగు వేస్తుందని నా భయం. రోజూ పనిశాలలో చెక్కపొట్టు మధ్య కూర్చునేవాళ్ళం. వంటింటి గుడ్డ మా చేతుల మీద కప్పి నేను మాజూన్‌నయ్యేదాన్ని.

"నా కూతుర్ని," అనేదాన్ని.

"నా కూతుర్ని."

"పేరు చెప్పు."

"బంగారాన్ని."

"బంగారం పేరు చెప్పు!"

"న... నబీలాని."

"నబీలా ఎవరయ్యా! చచ్చిపోయిన చెల్లెల్ని కట్టబెడతావా వాడికి?" అని అరిచేదాన్ని. అరిస్తే ఉన్న మాటలు కూడా పారిపోయేవి. ఆయన గుడ్డ లాగి పారేసి ఉలి అందుకునేవాడు. పిల్ల మంచానికి తలాపు చెక్కుతున్నాడు అప్పుడు. చేతికి మాత్రం ఒక్క తీగా దారి తప్పలేదు. ఆ చేతుల్ని చూస్తే నాకు ఇంకా కడుపు మండేది. ఇంత నేర్పున్న మనిషి దగ్గర ఎత్తుకుపోవడానికి ఆ జబ్బుకి కూతురి పేరే దొరికిందా?

కొన్ని పొద్దులు రిహాబ్ అని టక్కున అనేవాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించేది. సాయంత్రానికి మళ్ళీ ఉండేది కాదు. నేను ముందు అని అందిస్తే అనేవాడు. అంతే కదా, మాజూన్ కూడా ముందు అందిస్తాడు కదా, బతికిపోయాం అనుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. షేక్ అబ్దుల్ బారీ మా పేటలో సగం పెళ్ళిళ్ళు చేసినవాడు.

"షేక్ గారూ, మా ఆయనకి గొంతు బాలేదు. రెండేసి మాటలే చెప్పండి, అనడానికి వీలుగా."

"అలాగే తల్లీ, ఎంత చిన్నగా కావాలంటే అంత చిన్నగా."

"పిల్ల పేరు కూడా మీరే ముందు..."

"అదొక్కటి మాత్రం అడక్కు." ఆయన చూపుడువేలు ఎత్తాడు. "ఒకసారి నేను తొందరలో పెళ్ళికూతురి అక్క పేరు చెప్పేశాను. తండ్రి నా వెనకాలే అనేశాడు. ఎంత రభస అయిందో! అప్పట్నుంచీ పేరు దగ్గర నేను నోరు మూసుకుంటా. తండ్రే చెప్పాలి. కన్నతండ్రికి కూతురి పేరు నేను నేర్పాలా?"

ఎంత బతిమాలినా వినలేదు. అసలు కారణం చెప్పానా, సాయంత్రానికల్లా పేటంతా పాకుతుంది. పళ్ళు కొరుక్కుంటూ ఇంటికొచ్చాను.

నిఖా రోజు మధ్యాహ్నం ఇంట్లోనే ఆయన ఎడమ అరచేతిలో పెన్నుతో పెద్ద అక్షరాలతో రిహాబ్ అని రాశాను. కుడిచెయ్యి అల్లుడి చేతిలో ఉంటుంది. ఎడమది మోకాలి మీద పెట్టుకుని ఒక్కసారి చూసుకుంటే చాలు. చదవడం ఆయనకి ఇంకా వస్తోంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. హిల్మీ కూడా చెయ్యి చూసుకుని నవ్వాడు.

"దొంగ!" అన్నాడు నన్ను. ఆ మాట మాత్రం ఎంత బాగా దొరికిందో!

సాయంత్రం అస్ర్ నమాజు అయ్యాక మసీదులోనే నిఖా. ఆడవాళ్ళందరం మేడ మీద చెక్క జాలీ వెనకాల కూర్చున్నాం. కింద మగవాళ్ళు నమాజు ముగించి సర్దుకు కూర్చుంటున్నారు. హిల్మీ, నాదిర్ మోకాళ్ళు తగిలేలా ఎదురెదురుగా కూర్చున్నారు. హిల్మీ తలెత్తి జాలీ వైపు చూశాడు. తన ఎడమ అరచెయ్యి నా వైపు తిప్పి చూపించాడు.

తెల్లగా ఉంది. ఏమీ లేదు.

వజూ! నమాజుకి ముందు చేతులు కడుక్కోడూ? మోచేతుల దాకా శుభ్రంగా రుద్ది రుద్ది కడుక్కున్నాడు నా మొగుడు. ఇన్నేళ్ళుగా రోజుకు ఐదుసార్లు కళ్ళముందు కడుక్కుంటుంటే చూస్తూ, పెన్నుతో రాసిన నా తెలివి తగలెయ్య! ముందురోజు ఇంటినిండా గోరింటాకు, వచ్చినవాళ్ళందరి చేతులూ పండించాం. ఆ గిన్నెలోది కాస్త ఆయన అరచేతిలో పెట్టాలని నాకు తోచలేదు. నా నెత్తి నేనే బాదుకున్నాను. పక్కనున్న హజ్జా సనియ్యా, "ఏడవకమ్మా, పిల్ల దూరం పోవట్లేదుగా," అని నన్ను ఓదార్చింది.

చేతులు కలిశాయి. రుమాలు కప్పారు. మైకు హిల్మీ నోటి దగ్గర పెట్టారు. మాజూన్ మాట తప్పలేదు. చిన్న చిన్న ముక్కలే చెప్పాడు. హిల్మీ ఒక్కో ముక్కా జాగ్రత్తగా, కిందపడిపోతాయేమో అన్నట్టు అన్నాడు.

"నీకు పెళ్ళి చేస్తున్నాను," అన్నాడు మాజూన్.

"నీకు పెళ్ళి చేస్తున్నాను."

"నా కూతుర్ని..."

"నా కూతుర్ని..."

మాజూన్ నోరు మూసుకున్నాడు. మైకులో హిల్మీ ఊపిరి ఒక్కటే వినబడుతోంది. లోపలికి, బయటికి. జనం మొదట ఆనందంతో గొంతు పూడుకుపోయిందనుకున్నారు. "పాపం, తండ్రి ప్రాణం," అన్నారెవరో. ఇంకాసేపటికి గుసగుసలు మొదలయ్యాయి. నా పక్కన పెళ్ళిబట్టల్లో ఉన్న రిహాబ్ నా మోచెయ్యి నొక్కి పట్టుకుంది. దాని గోళ్ళు దిగుతున్నాయి. హజ్జా సనియ్యా తల తిప్పి నా మొహంలోకి చూసింది.

"ఏమైంది మీ ఆయనకి?"

కింద ఫత్తూహ్ గొంతు సవరించుకుని మైకు మీదికి చెయ్యి చాపాడు. "నేను చెబుతాను, జరుగు," అన్నాడు. ఆ మాట మైకులో మసీదంతా మోగింది.

ఎలా లేచానో, మెట్లెలా దిగానో నాకు తెలియదు. మగవాళ్ళ హాలు గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆడమనిషి ఇక్కడికి రాకూడదని ఎవరో అంటున్నారు. రాకూడదని నాకూ తెలుసు. పేరు నేనే కేకేసి అందించేద్దామనే వచ్చాను. కానీ వందమంది తలలు నా వైపు తిరిగేసరికి, కూతురి పేరు భార్య అందిస్తే గాని రాని మొగాడని వాళ్ళందరి ముందూ హిల్మీని నిలబెట్టడానికి నాకు నోరు పెగల్లేదు. ఇంట్లో ఇంతెత్తున లేచే నా గొంతు అప్పుడే చచ్చింది.

హిల్మీ నన్ను చూశాడు. వీధిలో దారి తప్పి ఇంటి గుమ్మం కనిపించినట్టు ఆయన మొహం తేరుకుంది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళ ముందు నన్ను ఎలా పిలిచాడో అలాగే, మర్యాదగా, మైకులో పిలిచాడు.

"రిహాబ్ వాళ్ళమ్మా..."

అని ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో తనే విన్నాడు. కళ్ళు పెద్దవయ్యాయి. పెదాలు కదిలాయి. ఫత్తూహ్ చేతిని ఎడమచేత్తో నెట్టేశాడు.

"రిహాబ్," అన్నాడు. "రిహాబ్! నా కూతుర్ని రిహాబ్‌ని!"

"అల్లాహు అక్బర్," అన్నాడు మాజూన్. మేడ మీద ఆడవాళ్ళు ఒక్కసారిగా నాలుకలు ఆడించి జఘారీత్ ఎత్తుకున్నారు. మిగతా ముక్కలు ఎలా పూర్తయ్యాయో ఆ గోలలో నాకు వినబడనే లేదు. నాదిర్ రుమాలు తీసి మావయ్య చేతిని ముద్దుపెట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేను గుమ్మం దగ్గరే కూలబడి, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని భోరున ఏడ్చాను. పెళ్ళాన్ని చూడందే మాట పెగల్లేదని మగవాళ్ళు హిల్మీని ఆటపట్టించారు. హజ్జా సనియ్యా కిందికొచ్చి, "మా ఆయనుండగా నన్నెప్పుడూ అలా చూడలేదు," అని మూతి విరుచుకుంది. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గెలిచాం అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కొత్త కాపురానికి పుట్టింటి భోజనం పంపాలి. ఉల్లిపాయ కూరిన బాతులు పొయ్యి మీద వేగుతున్నాయి. ఇల్లు ఖాళీ. రిహాబ్ గది తలుపు తీసే ఉంది. మంచం లేదు. గచ్చు మీద మంచంకోళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. వీధి తలుపుకి గడియ పెట్టి ఉంది. ఇన్నాళ్ళకి నా మనసు తేలిగ్గా ఉంది. పాట కూడా ఏదో కూనిరాగం తీస్తున్నాను.

"రిహాబ్ వాళ్ళమ్మా!" అని పిలిచాడు హిల్మీ లోపలి గదిలోంచి.

నేను నవ్వుకున్నాను. "ఎవరున్నారయ్యా అక్కడ? చుట్టాలంతా పోయారు."

"రిహాబ్ వాళ్ళమ్మా, అది... కాళ్ళకి... అది కనబడట్లేదు."

మేజోళ్ళు. పట్టుకుని గదిలోకి వెళ్ళాను. మంచం అంచున కూర్చుని నా వంక ప్రేమగా చూస్తున్నాడు. మేజోళ్ళు అందుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలి రిహాబ్ వాళ్ళమ్మా," అన్నాడు. అప్పుడు తట్టింది నాకు. గడియ పెట్టిన ఇంట్లో ఆయన నన్ను ఇన్సాఫ్ అని పిలిచి ఎన్నాళ్ళయింది? సాదా కాఫీ రోజు పిలిచాడు. ఆ తర్వాత? నిఖా మాటలు వల్లించేటప్పుడు? ఎంత తవ్వుకున్నా నాకు గుర్తు రాలేదు. కూతురి పేరు వెంటపడి, నా పేరు ఎప్పుడు పోయిందో నేను చూసుకోలేదు. మన్సూరాలో డాక్టర్ అడిగితే తలొంచుకుని నవ్విన ఆ నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వుకి నేను గర్వపడ్డాను కూడా.

"తలుపు గడియ పెట్టి ఉంది," అన్నాను. "మనిద్దరమే ఉన్నాం. పేరు పెట్టి పిలువు."

ఆయన నా వంక చూశాడు. తలుపు వంక చూశాడు. అదే సిగ్గు నవ్వు మొహానికి తెచ్చుకున్నాడు.

"ఛ, ఊరుకో," అన్నాడు. "ఎవరైనా వింటారు."

"ఎవరు వింటారు! ఇంట్లో పిల్లి కూడా లేదు! నా పేరు చెప్పవయ్యా! నీ నోరు తప్ప ఇంకే నోటికీ రాదది, ఈ ఊళ్ళో ఎవడికీ తెలియదు, నువ్వు కూడా వదిలేస్తే నేనెక్కడికి పోను?" అని అరిచాను. కసరొద్దన్నాడు డాక్టర్. తన పెళ్ళాం పేరు తనకి తెలుసు, ఆ డాక్టర్‌కేం? హిల్మీ నవ్వు ఆరిపోయింది. చేతిలో మేజోళ్ళు నలుపుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"లోపల ఉందే," అన్నాడు. "లోపల అదే ఉంది."

వంటింట్లో బాతు మాడుతున్న వాసన వస్తోంది. నేను కదల్లేదు. ఆయన ఎదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాను. ఆయన కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను.

"అను," అన్నాను. "ఇన్సాఫ్."

"ఇన్సాఫ్," అన్నాడు, మాజూన్ వెనకాల అన్నట్టు.